నీటి పక్షులను చూడటానికి 8×42 బైనాక్యులర్ సరిపోతుందా?

సరస్సు ఒడ్డున ఉండే రక్షిత చిత్తడి నేలల్లో పక్షి దగ్గరికి వెళ్ళలేం, వెళ్ళకూడదు కూడా. దారి వదిలి రెల్లులోకి దిగితే గూళ్ళు చెదురుతాయి. దూరం తగ్గించే పని బైనాక్యులర్‌దే. మొదటిసారి కొనేవాళ్ళకి 8×42 తీసుకోమనే చెబుతాం.

8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో. 42ని 8తో భాగిస్తే 5.25. కంటికి చేరే వెలుగు వృత్తం వ్యాసం అన్ని మిల్లీమీటర్లు. 10×42లో అది 4.2కి పడిపోతుంది. మధ్యాహ్నం తేడా తెలియదు గానీ మసక వెలుతురులో బాగా తెలుస్తుంది. పైగా 10 రెట్లు పెంచితే వణుకూ అన్ని రెట్లు పెరుగుతుంది. చెక్క నడకదారి మీద పక్కవాళ్ళు అడుగేసినా పలకలు ఊగుతాయి. ఆ ఊపులో ముక్కు రంగు పోల్చుకోవడం కష్టం. ఎండ ముదిరాక నీటి మీద వేడిగాలి అలల్లా కదులుతుంది, రెట్లు పెంచితే ఆ కదలికే పెద్దదవుతుంది. జూమ్ రకం మాత్రం వద్దే వద్దు. చూపు వెడల్పు తగ్గిపోయి ఎగిరే గుంపు దొరకదు.

నైట్రోజన్ నింపి సీల్ చేసినదే కొనండి. ఏసీ కారులోంచి తేమ గాలిలోకి దిగగానే బయటి అద్దానికి ఆవిరి పట్టడం మామూలే, కాసేపటికి పోతుంది. సీల్ లేనిదానికి లోపల కూడా పడుతుంది, ఆ తేమ నిలిస్తే బూజు వస్తుంది. రూఫ్ ప్రిజం రకమైతే (గొట్టాలు తిన్నగా ఉండేది) ఫేజ్ కోటింగ్, అంటే బొమ్మ స్పష్టత కోసం ప్రిజానికి వేసే పూత, ఉందో లేదో చూడండి. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి ఐ రిలీఫ్ (బొమ్మ పూర్తిగా కనిపించేలా కటకానికీ కంటికీ ఉండగల దూరం) కనీసం 15 మిల్లీమీటర్లు ఉండాలి, ఐకప్‌లు (కంటికి ఆనించే కప్పులు) లోపలికి తిప్పేసి చూడాలి.

"బొమ్మ మసకగా ఉంది, తలనొప్పి వస్తోంది" అనే ఫిర్యాదులు చాలావరకు డయాప్టర్ (రెండు కళ్ళ చూపులో తేడాను సరిచేసే అమరిక) సరిచేయకపోవడం వల్లే. కదలని గుంజ ఒకటి ఎంచుకుని, కుడి కటకం మూసి, మధ్య చక్రంతో ఎడమ కంటికి స్పష్టం చేయండి. తర్వాత ఎడమది మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కంటికి స్పష్టమయ్యేదాకా కుడి ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) దగ్గరి రింగు తిప్పండి. డయాప్టర్ మరోచోట ఉండే మోడళ్ళూ ఉన్నాయి, కొనేటప్పుడే అడగండి.

బురద చుక్క పడితే చొక్కా అంచుతో తుడవొద్దు, ఇసుక రేణువు కోటింగ్‌ను గీరేస్తుంది. ముందు బ్లోయర్‌తో ఊది, మెత్తని బ్రష్‌తో దులిపి, ఆపైనే లెన్స్ గుడ్డ వాడాలి.

లోపాలు లేకపోలేదు. సన్నటి తాడుతో గంటసేపు మోస్తే మెడ లాగుతుంది, భుజాలకు వేసుకునే హార్నెస్ విడిగా కొనుక్కోవాలి. అవతలి ఒడ్డున బురదలో తిరిగే ఉల్లంకుల జాతి తేల్చుకోవాలంటే ట్రైపాడ్ మీద స్పాటింగ్ స్కోప్ (ఒంటి కంటితో చూసే చిన్న టెలిస్కోప్) కావాల్సిందే, అదీ ఎండ ముదరకముందే.