మల్లేశ్వరమా, జయనగరమా: అమ్మానాన్నలకు ఏది మేలు?

నాన్న రిటైరయ్యాక కర్నూలు ఇల్లు అద్దెకిచ్చి బెంగళూరు వచ్చేస్తామన్నారు. చెట్లుండాలి, గుడికి నడిచి వెళ్లగలగాలి అన్నది అమ్మ షరతు. అలాంటి చోటు అనగానే నాకు తట్టినవి రెండే, మల్లేశ్వరం, జయనగర్. (బసవనగుడి వాళ్లు కోప్పడకండి, అక్కడ మా బడ్జెట్‌కి ఇల్లు దొరకలేదు.)

మల్లేశ్వరం పుట్టిందే ప్లేగు భయంతో. 1898లో ఊళ్లో ప్లేగు చెలరేగాక, ఇరుకు వీధుల జనానికి గాలీ వెలుతురూ దొరికేలా గీసిన లేఅవుట్ ఇది. మరుగుదొడ్లు శుభ్రం చేసేవాళ్లు వచ్చిపోవడానికి ఇళ్ల వెనక వదిలిన సన్నటి సందులు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. పేరు మాత్రం ఇంకా పాతది, కాడు మల్లేశ్వర గుడి నుంచి వచ్చింది. శివాజీ సవతి తమ్ముడు ఏకోజీ 17వ శతాబ్దంలో ఆ గుడి కట్టించాడంటారు. 'కాడు' అని వినగానే అమ్మ ఉలిక్కిపడింది. కన్నడంలో అడవి అని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. సంపిగె రోడ్డంటే మన సంపెంగే, మార్గోసా రోడ్డంటే వేప. ఎనిమిదో క్రాస్‌లో పూలూ కూరలూ చూశాక అమ్మ ఇంకో పేట మాటే ఎత్తలేదు.

జయనగర్ స్వాతంత్ర్యం వచ్చాక పుట్టింది. 1948లో రాజాజీ వచ్చి శంకుస్థాపన చేశారు. ఊరు అక్కడితో అయిపోయేది కాబట్టే అది సౌత్ ఎండ్ సర్కిల్. దాన్ని దాటి బ్లాకులు, మెయిన్‌లు, క్రాస్‌లు అన్నీ అంకెలే. ఫోర్త్ బ్లాక్ కాంప్లెక్స్‌లో దొరకని వస్తువుండదు గానీ, అడ్రసు పట్టుకోవడం లెక్కల పరీక్షే.

చెట్ల సంగతి ఇంకోలా ఉంది. నేను తిరిగిన వీధుల్లో మల్లేశ్వరం పచ్చదనం చాలావరకు ఇళ్ల కాంపౌండ్లలోది: కొబ్బరి, మామిడి, పనస. ఇల్లు బిల్డర్ చేతికి వెళితే చెట్టూ పోతుంది. జయనగర్‌లో పెద్ద చెట్లు ఫుట్‌పాత్ మీదే ఉన్నాయి, ఇల్లు ఎవరు కొన్నా వాటి జోలికి పోరు. కాకపోతే వేళ్లు లేచి రాళ్లు ఊగుతుంటాయి, మోకాళ్ల నొప్పులవాళ్లు చూసి నడవాలి. ఆ మాటకొస్తే మల్లేశ్వరం ఎగుడుదిగుడు క్రాస్‌లూ నాన్నకు సుఖం కాదు.

నా స్వార్థం జయనగర్. ఆర్.వి. రోడ్డు నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి 2025 ఆగస్టులో మెట్రో వచ్చింది, నా ఆఫీసు అక్కడే. నాన్న లెక్క వేరు. కర్నూలు మీదుగా వెళ్లే వందే భారత్ యశ్వంతపురంలో బయల్దేరుతుంది, మల్లేశ్వరం నుంచి ఆటోలో కాసేపే. ఇంకో ఇరవై ఏళ్లు నీడ ఉండాలంటే జయనగరే మేలని ఇప్పటికీ అంటాను. ఓటింగులో మాత్రం ఇద్దరూ ఒకవైపు, నేనొక్కణ్ణీ ఒకవైపు.

మల్లేశ్వరంలో మామిడిచెట్టున్న పాత ఇంటి కింది వాటా తీసుకున్నాం. అగ్రిమెంట్ 11 నెలలకు. కాయల్లో సగం ఓనర్‌గారివి.