ఒక్క ఎండబండ, మూడు గడ్డం తొండలు

పాలమూరు ఎండలకు గడ్డం తొండ (ఇళ్లలో పెంచే ఆస్ట్రేలియా బల్లి, బియర్డెడ్ డ్రాగన్) బాగా ఇముడుతుందని మొదట్లో అడిగినవాళ్లందరికీ చెప్పాను. మూడేళ్లయినా ఆ మాట తప్పనను. కానీ "ఆడవైతే ఒకే పెట్టెలో గుంపుగా ఉంచొచ్చు, కలిసిమెలిసి ఉంటాయి" అని చెప్పి అమ్మేవాళ్ల మీద కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

ముందు హాలులో ఆరడుగుల గాజు పెట్టె, లోపల ఒకే ఈడువి మూడు ఆడ తొండలు. ఒక చివర తాండూరు బండ, పైన వంద వాట్ల హాలోజన్ బల్బు, పక్కన ఎండలోని అతినీలలోహిత కిరణాలనిచ్చే యూవీబీ ట్యూబు. బండ మీద 41 డిగ్రీలు, అవతలి చివర 28. కొలతల్లో వంక పెట్టడానికి లేదు.

గొడవంతా ఆ బండ దగ్గరే. మూడూ ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకునేవి. చూసినవాళ్లు "ఎంత ప్రేమో" అంటూ ఫొటోలు తీసుకునేవాళ్లు. అది ప్రేమ కాదు, ఆక్రమణ. పైన ఎక్కింది వేడినీ యూవీనీ తన వీపు మీదే ఆపేస్తుంది. కిందదానికి పొట్ట కింద వెచ్చదనం తప్ప వెలుగు తగలదు. యూవీబీ లేక ఒంట్లో విటమిన్ డీ3 తయారవదు, డీ3 లేక తిన్న కాల్షియం ఎముకకు పట్టదు. కాట్లు లేవు, రక్తం లేదు, కాబట్టి అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

అన్నిట్లో చిన్నది ఐదు వారాల్లో 312 గ్రాముల నుంచి 268కి దిగింది. వంటింటి త్రాసు మీద వారం వారం తూచబట్టే అది బయటపడింది. గుర్తులు మాత్రం అంతకుముందు నుంచే ఉన్నాయి. ముందుకాలు ఎత్తి నెమ్మదిగా గుండ్రంగా ఊపేది; అది పలకరింపు కాదు, లొంగిపోయానని చెప్పడం. పొట్ట మీద నల్లటి గీతలు. పట్టపగలు చల్లని మూలలో కళ్లు మూసుకుని పడుండేది. పెద్దవి తినిపోయాకే గిన్నె దగ్గరికి వచ్చేది, అప్పటికి పురుగులన్నీ అయిపోయేవి. చివరికి ఒకరోజు తోక కొన అర సెంటీమీటరు పోయింది. ఇంటి బల్లికి మొలిచినట్టు దీనికి తోక మళ్లీ మొలవదు.

రెండో చివర ఇంకో బండ, ఇంకో బల్బు పెట్టాను. రెండు బండలూ ఒకే ఎత్తులో ఉండాలి, లేదంటే ఎత్తయిన దానికోసం మళ్లీ అదే పోటీ. మధ్యలో ఒకదానికొకటి కనిపించకుండా అడ్డంగా చెట్టు మొద్దు. తిండి వేరువేరు టబ్బుల్లో, పావుగంట సేపు. మునగాకు, మందార పూలు బాగా తింటాయి. పాలకూర పెట్టొద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి అందనివ్వవు. నెలన్నరలో చిన్నది 300 దాటింది.

మూడింటికి ఆరడుగుల పెట్టె చాలని మొదట్లో అనుకున్నాను, ఆ మాట మాత్రం ఇక్కడ నిలబడలేదు. రెండు చివర్లా బల్బులుంటే చల్లదనం మధ్యలోని ఒకటిన్నర అడుగులకే. చలికాలం నడిచిపోయింది. ఏప్రిల్‌లో గది వేడే 36 దాటేసరికి ఆ మధ్య భాగం కూడా 38 చూపించింది, మూడూ నోళ్లు తెరిచి రొప్పాయి. బల్బులు 50 వాట్లకు దించి, పొద్దున నాలుగు గంటలే వెలిగించాల్సి వచ్చింది. కూలరు గాలి నేరుగా తగలనివ్వొద్దు, తేమ పెరిగిపోతుంది. రెండు బండలు పెట్టాలంటే ఎనిమిదడుగుల పెట్టె కావాల్సిందే.

అడుగున వేసిన ఎర్ర చలక మట్టి మీద మాత్రం ఒక్క ఫిర్యాదు లేదు. జల్లించి, తడిపి, దిమ్మిసతో కొట్టి పూర్తిగా ఆరనిస్తే రాయిలా బిగుస్తుంది, గోళ్లు సహజంగా అరుగుతాయి.

వేడి తట్టుకోవడంలో యూరోమాస్టిక్స్ అనే ముళ్లతోక బల్లి గడ్డం తొండకన్నా మేలు, ఆకులు తిని బతుకుతుంది కాబట్టి పురుగుల ఖర్చూ ఉండదు. కాకపోతే ఆ ప్రజాతి మొత్తం సైటిస్ (వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. అలాంటి జీవుల నమోదుకు కేంద్రం తెచ్చిన 2024 నియమాల ప్రకారం చేతికొచ్చిన 30 రోజుల్లో పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. రాజస్థాన్, గుజరాత్‌లలో ఉండే మన దేశపు ముళ్లతోక బల్లి సాండాకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, ఎవరు అమ్మజూపినా ముట్టుకోవద్దు.

హాలులో ఒక్కటి చాలనుకునేవాళ్లకు గడ్డం తొండను నిశ్చింతగా చెబుతాను. గుంపు కావాలంటే జాగా ఉండాలి, వారం వారం తూచే ఓపిక ఉండాలి, పక్కన ఖాళీ పెట్టె ఒకటి సిద్ధంగా ఉండాలి. మా దగ్గర ఆ ఖాళీ పెట్టె ఇప్పుడు ఖాళీగా లేదు. ఆ నాలుగడుగుల్లో చిన్నది ఒక్కటే ఉంటోంది, నిన్నటి తూకం 355. పెద్ద పెట్టెలో మిగిలిన రెండింటికీ చెరో బండ.