క్లీనింగ్ ఛార్జీ నాలుగు వందలు

నాలుగు వందల కోసం ఇంత రాయాలా బావా అని మా బామ్మర్ది వారం నుంచి నస. ఆ క్యాంపు బుక్ చేసింది వాడే మరి.

శనివారం మధ్యాహ్నం బెంగళూరు మారతహళ్లి నుంచి నలుగురం కారెక్కాం: నేను, మా ఆవిడ, బామ్మర్ది, వాడి రూమ్మేట్. రాత్రికి చెరువు పక్కన టెంట్లు, ఆదివారం తెల్లవారుజామున చిక్కబళ్లాపురం దగ్గరి స్కందగిరి కొండ. కొండకి ఆన్‌లైన్ టికెట్లు ముందే తీసి పెట్టాడు. హైదరాబాద్ రోడ్డు హాయిగా సాగింది, పెట్రోలు వెయ్యి. అక్కడిదాకా చెప్పుకునేదేం లేదు.

క్యాంపు తలకు 1,499. పోస్టర్ మీద ఆకు బొమ్మ, పచ్చటి అక్షరాల్లో ‘ఎకో క్యాంపింగ్, జీరో వేస్ట్’. గేటు దగ్గర మేనేజర్ కుర్రాడు, మాట చూస్తే అనంతపురం వైపువాడే, తలకు ఇంకో వంద అడిగాడు. “క్లీనింగ్ ఛార్జీ సార్, చెరువు శుభ్రంగా ఉండాల కదా.” ఆ మాట నచ్చే ఇచ్చాం. మొత్తం 6,396.

రాత్రి భోజనానికి ప్లాస్టిక్ పళ్లేలు, ప్లాస్టిక్ స్పూన్లు. 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధంలో ఉన్నవే. అన్నం పలుకుగా ఉన్నా ఊరుకున్న మా ఆవిడ స్పూను చూసి ముఖం ముడుచుకుంది. ఆ తర్వాత స్పీకర్లు. ఆ చెరువులో కప్పలు ఉన్నాయన్న సంగతి ఒంటి గంటకు పాటలు ఆగాకే తెలిసింది.

నలభై మందికి రెండు టాయిలెట్లు. పదకొండుకల్లా ఒకదాంట్లో నీళ్లు అయిపోయాయి. ఇక జనమంతా తుప్పల చాటుకే, ఆ తుప్పలు నీళ్లకు పట్టుమని పదడుగులు లేవు. టార్చి వేస్తే తెల్లగా వెట్ వైప్స్. గుడ్డలా కనిపిస్తాయి గానీ చాలావాటిలో ఉండేది ప్లాస్టిక్ నారే, మట్టిలో కలవవు. బయట తప్పనిసరైతే నీళ్లకు కనీసం 60 మీటర్లు దూరం పోవాలి, జానెడుకు కాస్త తక్కువ లోతు గుంట తవ్వి పని కాగానే పూడ్చేయాలి. వైప్స్ కవర్లో కట్టి వెనక్కి తెచ్చుకోవాలి. చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది, అక్కడ చూడటానికి ఇంకా ఇబ్బందిగా ఉంది.

అసలు సంగతి నాలుగింటికి, బయల్దేరే ముందు. ఒకటే కమురు కంపు. క్యాంప్‌ఫైర్ గుంటలో మేనేజర్ రాత్రి పళ్లేలు తగలబెడుతున్నాడు. మా ఆవిడ పుల్లతో బూడిద కెలికి ఒక స్పూను బయటికి లాగింది. కాడ అలాగే ఉంది, మిగతాది కరిగి ముద్దయింది, ఆ ముద్దకి ఒక గులకరాయి, వేరుశనక్కాయ పొట్టు అతుక్కున్నాయి. చల్లారాక దాన్ని అతని చేతిలో పెట్టి “వంద దీనికేనా తమ్ముడూ?” అంది.

“కాల్చేస్తే క్లీనే కదా మేడం!”

డబ్బులు వెనక్కి ఇమ్మంటే ఓనర్‌తో మాట్లాడుకోమన్నాడు. ఓనర్ ఇప్పటికీ ఫోనెత్తలేదు. కొండదాకా కారులో ఎవరూ మాట్లాడలేదు.

స్కందగిరి మాత్రం బాగుంది. పాపాఘ్ని మఠం దగ్గర మొదలుపెట్టి, కూలిన కోట గోడలు దాటి పైకెళ్తే కింద మబ్బులు, పక్కన నంది కొండలు. మేమూ శుద్ధపూసలమేం కాదు, నా బ్యాగులో అరలీటరు బాటిళ్లు ఆరున్నాయి. బామ్మర్ది కమలాపండు తొక్క విసిరితే వాళ్లక్క తీయించింది. ఎరువే కదక్కా అన్నాడు. బండ మీద పడిన తొక్క ఎండి నెలల తరబడి అలాగే ఉంటుంది, ఈలోపు కోతులు దానికి అలవాటు పడి మనుషుల బ్యాగుల మీదకి వస్తాయి. దిగేటప్పుడు రూమ్మేట్ అడ్డదారి పట్టబోతే నేనే ఆపాను. నలుగురు తొక్కిన అడ్డదారి గడ్డి చచ్చి, వానకి వాగై మట్టిని కోసుకుపోతుంది. మన కడప జిల్లాలో పెన్నలో కలిసే పాపాఘ్ని పుట్టేది ఈ కొండల వైపే, కాబట్టి ఇక్కడి చెత్త ఎవరికో కాదు.

దారిలో దొరికిన కవర్లు, సీసాలు ఒక సంచెడు అయ్యాయి. కింద ఒక అవ్వ తడిక కింద రాగి ముద్ద, పప్పుచారు పెడుతోంది. చిక్కబళ్లాపురం పల్లెల్లో తెలుగుకి కొదవలేదు. సంచి చూసి “ఏందిమ్మా, మా కొండంతా ఊడ్చుకొస్తిరా?” అంది. మోదుగాకు విస్తరిలో వేడి ముద్ద, పక్కన పచ్చి ఉల్లిపాయ, స్టీలు గ్లాసులో మజ్జిగ. తలకు 60 రూపాయలు. తిన్నాక విస్తర్లు ఆవు తినేసింది, గ్లాసులు అవ్వ బూడిదతో తోమి బోర్లించింది. క్లీనింగ్ ఛార్జీ అడగలేదు. రాత్రి నుంచి మొదటిసారి మా ఆవిడ నవ్వింది.

క్యాంపు బుక్ చేసేముందు పోస్టర్లో ఆకు బొమ్మ చూడకండి. ఫోన్ చేసి పళ్లేలు ఏవి, టాయిలెట్లు ఎన్ని, స్పీకర్ ఎన్నింటికి ఆపుతారు అని అడగండి. నసిగితే వదిలేయండి. చెరువు పక్కన టెంటు కంటే చిక్కబళ్లాపురంలో మామూలు లాడ్జి నయం.

వచ్చే నెల బామ్మర్ది మాకళిదుర్గ కొండకి వెళ్తాడట. నిన్న వచ్చి స్టీలు డబ్బాలు అడిగాడు. వాళ్లక్క ఏడు డబ్బాలు, ఏడు మూతలు లెక్కపెట్టి ఇచ్చింది.