కడప ఎండ, కేదార్‌కంఠ చలి: ఏళ్లుగా వాడిన హెడ్‌ల్యాంప్ గురించి

మా కడప వైపు తలకు లైటు కట్టుకుని తిరిగేవాళ్లంటే రాత్రి మోటరు కాడికి పోయే రైతులు, అడవి పందులు పడకుండా చేనికి కావలి పడుకునేవాళ్లు. అందుకే ఆన్‌లైన్‌లో తెప్పించిన హెడ్‌ల్యాంప్ డబ్బా విప్పుతుంటే మా నాయన "యా చేనికి నీళ్లు కట్టల్లప్పా?" అన్నాడు. అప్పట్నుంచి ఇదే వాడుతున్నా. పాలకొండల్లో, సిద్ధవటం దగ్గర నిత్యపూజకోన దారిలో, అహోబిలంలో, సెలవు దొరికిన చలికాలంలో ఉత్తరాఖండ్ మంచులో. కంపెనీ పేరు చెప్పను. ఇలాంటివి చాలా కంపెనీలు చేస్తున్నాయి, నేను చెప్పే మంచీ చెడూ చాలావరకు వాటికీ వర్తిస్తాయి.

మూడు సన్న పెన్సిల్ సెల్లు, అంటే ట్రిపుల్ ఏ సెల్లు పడతాయి. సెల్లతో కలిపి వంద గ్రాముల లోపే. డబ్బా మీద 350 ల్యూమెన్లు (వెలుగు కొలత) అని, ఐపీఎక్స్4 (నీళ్లు చిందినా తట్టుకుంటుందని గుర్తు) అని ఉంది. తెల్ల లైటుతో పాటు ఎర్ర లైటు కూడా ఉంది. ధర మూడు వేలకు కాస్త తక్కువ పడింది.

ఫోన్‌లో టార్చి ఉండగా ఇదెందుకు అని అందరూ అడుగుతారు. డిసెంబరులో మన దగ్గరే ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. ఉత్తరాఖండ్‌లో అయితే ఐదున్నరకే చీకటి ముసురుకుంటుంది, లోయలో ఇంకా ముందే. ఆ టైముకి దిగుతున్న దారిలో బండ పట్టుకోవడానికో, కర్ర ఊతానికో రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. పైగా గట్టి చలిలో ఫోన్ ముప్పై నలభై శాతం చార్జింగ్ చూపిస్తూనే టక్కున ఆగిపోతుంది. సిగ్నల్ ఉన్నచోట 112కి ఫోన్ చేయాల్సింది కూడా దాంతోనే. దాన్ని టార్చిగా కాల్చేయడం తెలివైన పని కాదు.

ఇక అసలు విషయం చలి. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం సుమారు 12,500 అడుగుల ఎత్తు. సూర్యోదయానికి పైన ఉండాలని బేస్ క్యాంపులో రాత్రి మూడు గంటలకే బయల్దేరదీస్తారు. చలి మైనస్ పది దాకా ఉంటుంది. మామూలు ఆల్కలైన్ సెల్లు అక్కడ నీరసించిపోతాయి. వాటి లోపలి ద్రావణం నీటితో చేసింది, చలికి అందులో రసాయన చర్య మందగిస్తుంది. కడపలో కళ్లు మిరుమిట్లు గొలిపిన లైటు అక్కడ గుడ్డిదీపంలా తయారవుతుంది. సెల్లు అయిపోయినట్టు కాదు, జేబులో పెట్టి వెచ్చబెడితే కాస్త కోలుకుంటాయి. లిథియం సెల్లు, అంటే చార్జింగ్ పెట్టుకునేవి కాదు, ఒకసారి వాడి పారేసే 1.5 వోల్టులవి వేస్తే ఈ గొడవ లేదు. మైనస్ నలభై దాకా పనిచేసేలా చేసినవి అవి. బరువూ తక్కువే. రేటు మాత్రం మామూలు వాటికి కొన్ని రెట్లు. నాకైతే కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర ఏ షాపులోనూ దొరకలేదు, ఆన్‌లైనే గతి. విమానంలో వెళ్లేవాళ్లు విడి లిథియం సెల్లు చెకిన్ లగేజీలో వేయకూడదు, చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి.

లిథియం సెల్లతో ఒక తిరకాసు ఉంది. ఆల్కలైన్ అయితే మెల్లగా మసకబారుతూ ముందే చెప్తుంది. లిథియం చివరిదాకా ఒకే వెలుగిచ్చి ఉన్నట్టుండి చేతులెత్తేస్తుంది. లైటు మీదున్న బ్యాటరీ సూచికను నమ్మడానికి లేదు, అప్పటిదాకా పచ్చగానే వెలుగుతూ ఉంటుంది. కాబట్టి శిఖరానికి బయల్దేరే రాత్రి కొత్త సెట్టు వేసి, ఇంకో సెట్టు లోపలి చొక్కా జేబులో పెట్టుకుంటా. రాత్రి పడుకునేటప్పుడు లైటు కూడా స్లీపింగ్ బ్యాగులోకే.

డబ్బా మీద రాసే గంటల లెక్క గురించి కూడా తెలుసుకోవాలి. వీటికి ఎఫ్ఎల్1 అనే కొలత పద్ధతి ఉంది. అందులో వెలుగు మొదటి దానిలో పదో వంతుకు పడిపోయేదాకా గంటలు లెక్కేస్తారు. నలభై గంటలు అని ఉంటే నలభై గంటలూ దారి కనిపిస్తుందని కాదు. ల్యూమెన్ల సంగతీ అంతే. 350 నేను దాదాపు వాడను. మంచు మీద వెలుగు తిరిగి కొడుతుంది, తక్కువ వెలుగు మోడే చాలు. మధ్యలో మనం వదిలే ఊపిరి ఒకటి. నుదుటి మీది లైటు ముందు ఆవిరి తెల్లటి తెర కట్టి అడుగు దూరంలో ఏముందో తెలీదు. అప్పుడు లైటు తల మీంచి తీసి నడుము దగ్గర పట్టుకుంటే తెర కింద నుంచి దారి కనిపిస్తుంది. గండికోటలో తెల్లవారుజామున పొగమంచు పట్టినప్పుడు కూడా ఇదే పనిచేసింది.

స్విచ్చి నాకు నచ్చలేదు. బఠాణీ గింజంత బటన్, దాని మీద నున్నటి రబ్బరు. లోపల పలచటి గ్లౌజు ఒక్కటే ఉంటే పర్వాలేదు, పైన మందపాటిది కూడా వేసుకుంటే నొక్కామో లేదో వేలికి తెలియదు. ప్రతిసారీ పై గ్లౌజు పళ్లతో లాగి తీయాలి, ఆ గాలిలో వేళ్లు కొంకర్లు పోతాయి. బటన్ మీద చిన్న రబ్బరు ముక్క అంటించాక కొంత మేలు. లాక్ మాత్రం బాగుంది. మూడు సెకన్లు నొక్కి పడితే బ్యాగులో దానంతటది వెలగదు.

నా దృష్టిలో దీని అసలు ఉపయోగం దారి చూపడం కాదు, పక్కవాణ్ని చూడటం. ఒకసారి శిఖరానికి ఎక్కుతుంటే మా జట్టులో ప్రొద్దుటూరు కుర్రాడు వెనకబడ్డాడు. బాగున్నావా అంటే "ఆ" అంటాడు, అంతే. మా గైడు లైటు అతని కళ్లలో పడకుండా చేతుల మీదికి దించి, జాకెట్ జిప్ వేసుకోమన్నాడు. వేళ్లు జిప్ మీద తడుముతున్నాయి తప్ప పట్టు చిక్కలేదు. మూడు పొరల కింద చూస్తే చెమటకు తడిసిన కాటన్ టీషర్టు. మన ఎండలకు కాటనే హాయి, చలిలో మాత్రం అది తడిని పట్టుకుని ఒంట్లో వేడి తోడేస్తుంది. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కిందికి దిగితే హైపోథెర్మియా అంటారు. ముందు వణుకు, తర్వాత మాట తడబాటు, చేతులు స్వాధీనం తప్పడం, అడుగులు తూలడం. ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోతే అది మరీ ప్రమాదం. గైడు అక్కడే పొడి ఉన్ని బనీను వేయించి, ఫ్లాస్కులోంచి తీపి టీ తాగించి, తోడిచ్చి కిందికి పంపించేశాడు. అప్పట్నుంచి నడక ఆగినప్పుడల్లా ఒకరి ముక్కు, చెంపల మీద ఒకరం లైటు వేసి చూసుకుంటున్నాం. ఒకచోట చర్మం మైనంలా తెల్లబడితే అది మంచు కాటుకు మొదలు.

ఆపదలో సైగ చేయాలంటే నిమిషానికి ఆరుసార్లు, అంటే పది సెకన్లకొకసారి వెలిగించి, ఒక నిమిషం ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. నిమిషానికి మూడుసార్లు బదులొస్తే చూశారని అర్థం. ఆల్ప్స్ కొండల నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఈ లైటులో ఉన్న టపటపా కొట్టుకునే మోడ్ దీనికి పనికిరాదు, చేత్తోనే వేసి ఆర్పాలి.

ఇక మన ఎండ. ఈ లైటుకు హిమాలయాల కంటే మా బీరువానే ఎక్కువ హాని చేసింది. మే నెలలో కడప వేడికి, లైటుతో పాటు వచ్చిన ఆల్కలైన్ సెల్లు కారి స్ప్రింగు మీద తెల్లటి పొడి కట్టింది. అది క్షారం, చేత్తో ముట్టుకోకూడదు. దూది పుల్లను నిమ్మరసంలో ముంచి తుడిచి, తర్వాత తడి లేకుండా ఆరబెడితే మళ్లీ వెలిగింది. ఇప్పుడు శివరాత్రి దాటాక సెల్లు తీసేసి విడిగా డబ్బాలో పెడుతున్నా. ఎలాస్టిక్ పట్టీ కూడా చెమట ఉప్పుకు సాగిపోయింది. విడిగా పట్టీ దొరకలేదు, దర్జీ దగ్గర కొత్త ఎలాస్టిక్ కుట్టించా.

ఇక్కడి కొండల్లో వాడేవాళ్లకు ఒక మాట. పాలకొండలు, లంకమల్ల ఎర్రచందనం అడవులు. రాత్రి అక్కడ లైటు కదిలితే ఫారెస్టు వాళ్లు ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు. అనుమతి తీసుకోండి, చీకటి పడేలోపు బయటికి వచ్చేయండి. లైటు ఆలస్యమైన రోజుకే. లంకమల్లలో కలివికోడి అనే పిట్ట ఉంది, అంతరించిందనుకున్నది 1986లో మళ్లీ కనిపించింది. అది తిరిగేదే రాత్రిపూట, మనం దాని మీద లైట్లు కొట్టాల్సిన పని లేదు.

మూడు నాలుగు వందలకు బజారులో దొరికే రైతుల తలలైటుకు వెలుగు దీనికంటే ఎక్కువే. చేనుకు అది చాలు. కానీ బరువు, వానకు ఆగదు, లోపలి చార్జింగ్ బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే పాడవుతుంది. గండికోటలో సూర్యోదయం చూసి వచ్చేవాళ్లకు అదే చాలు, మూడు వేలు దండగ. మంచు కొండలకు వెళ్లేవాళ్లు మాత్రం సెల్లు వేసుకునే లైటే తీసుకోండి. ఇది పోయాక నేను చార్జింగ్ బ్యాటరీ, మామూలు సెల్లు రెండూ పట్టే రకం కొంటా. కొనే ముందు షాపులో గ్లౌజు తొడుక్కుని బటన్ నొక్కి చూస్తా, కడపలో ఆ గ్లౌజు దొరికితే.