మోకాలి గాయం: ముందే పరీక్షించడమా, అందరికీ శిక్షణ ఇవ్వడమా?

మోకాలిలో ఎముకలను కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ (పట్టీలాంటి కణజాలం) తెగితే క్రీడాకారిణి నెలల తరబడి ఆటకు దూరమవుతుంది కాబట్టి, ఆ ప్రమాదం ఎవరికి ఉందో ముందే కనిపెట్టాలనుకోవడం సహజమే. అందుకు ఒక మార్గం, చిన్న పెట్టె మీద నుంచి దూకించి, నేలను తాకి మళ్లీ ఎగిరేటప్పుడు మోకాళ్లు లోపలికి ఎంత వాలుతున్నాయో కెమెరాలతో కొలవడం. అమెరికాలో 205 మంది అమ్మాయిలపై జరిగి 2005లో వెలువడిన అధ్యయనం ఈ పద్ధతిపై గొప్ప ఆశలు రేపింది. అయితే అందులో గాయపడినవారు 9 మందే. తరువాత నార్వేలో 700 మందికి పైగా హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ క్రీడాకారిణులను ఏళ్ల తరబడి గమనించినప్పుడు, గాయపడినవారి కొలతలూ గాయపడనివారి కొలతలూ ఒకదానిలో ఒకటి ఎంతగా కలిసిపోయాయంటే, ఏ గీత గీసినా వారిని వేరు చేయడం సాధ్యం కాలేదు. సగటులో తేడా కనిపించడం వేరు, ఎదుట నిలబడిన ఒక అమ్మాయి భవిష్యత్తు చెప్పడం వేరు.

రెండో మార్గం, ఎవరినీ వేరు చేయకుండా అందరికీ శిక్షణ ఇవ్వడం; ఇందులో జోస్యం లేదు. స్వీడన్‌లో 12 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ బాలికలు 4,564 మందిపై జరిగిన ప్రయోగంలో, వారానికి రెండుసార్లు 15 నిమిషాల వ్యాయామాలు చేసిన జట్లలో ఏసీఎల్ గాయాలు 64 శాతం తగ్గాయి. పరీక్షలో "సురక్షితం" అనిపించుకున్న అమ్మాయి ఈ వ్యాయామాలు మానేస్తుందేమోనన్నదే నా అసలు భయం; అందుకే నేను నిస్సంకోచంగా శిక్షణవైపే మొగ్గుతాను. శస్త్రచికిత్స తరువాత కోలుకుంటున్నవారి పురోగతిని చూడటానికి మాత్రం పెట్టె మీద నుంచి దూకించే ఆ పరీక్ష ఇప్పటికీ పనికివస్తుంది.