సైట్స్‌ తీయడానికి ఏ వాచీ మంచిది: ఏళ్లుగా వాడాక నా మాట

సముద్రం మీద మన చోటు తేల్చుకోవడానికి సూర్యుడిదో నక్షత్రానిదో ఎత్తు కొలిచి, ఆ క్షణం టైమ్ రాసుకోవడాన్ని సైట్ తీయడం అంటాం. ఆ కోణం కొలిచే పరికరం సెక్స్టెంట్. దాన్ని కొనేముందు అందరూ నలుగురిని అడిగి తెలుసుకుంటారు. వాచీ దగ్గరికొచ్చేసరికి కొందరు చేతికి ఏదుంటే అదే చాలంటారు, ఇంకొందరు లక్షలు పోస్తే తప్ప పని జరగదంటారు. నేను ఓడల మీద సెకండ్ మేట్ అనే అధికారిగా, సెలవుల్లో చెన్నై తిరువాన్మియూరు బీచ్‌లో, మూడు రకాల వాచీలతో సైట్స్ తీశాను. ఒకటి సీకో 5 ఆటోమేటిక్. రెండోది రేడియో సిగ్నల్ పట్టే సోలార్ జీ-షాక్. మూడోది ఏ హంగూ లేని చదరపు జీ-షాక్, డీడబ్ల్యూ-5600ఈ. చివరికి నా చేతికి నిలిచింది మూడోదే.

ముందు లెక్క చూద్దాం. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. అంటే నాలుగు సెకన్లకు ఒక నిమిషం కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు), భూమధ్యరేఖ దగ్గర ఒక నాటికల్ మైలు. వాచీ నాలుగు సెకన్లు తప్పితే మన రేఖాంశం మైలు పక్కకు జరుగుతుంది. నిమిషం తప్పు చదివితే 15 మైళ్లు. అక్షాంశానికి మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు చాలు, సెకన్ల గొడవ పెద్దగా ఉండదు. రేఖాంశం మాత్రం పూర్తిగా గడియారం మీదే ఆధారపడుతుంది.

ఈ సంగతి తెలుసుకోవడానికి చెన్నైవాళ్లు నుంగంబాక్కం వెళ్తే చాలు. ఇప్పుడు వాతావరణ కేంద్రం ఉన్న చోటే 1792లో ఈస్టిండియా కంపెనీ మద్రాస్ అబ్జర్వేటరీ కట్టింది. అప్పటి రాతి స్తంభం ఇంకా అక్కడే ఉంది, దాని మీద చెక్కిన భాషల్లో మన తెలుగూ ఉంది. అక్కడ పనిచేసిన ఖగోళ శాస్త్రజ్ఞుడు గోల్డింగ్‌హామ్ గురుగ్రహం చుట్టూ తిరిగే ఉపగ్రహాల గ్రహణాలు చూసి రేఖాంశం తేల్చాడు. మద్రాస్ టైమ్ అంటే గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందు. 1906లో ఐఎస్‌టీ వచ్చేదాకా దేశంలో చాలా రైళ్లు నడిచింది ఆ టైమ్ మీదే. దాన్ని కోణంలోకి మారిస్తే 80 డిగ్రీల 18.5 నిమిషాలు. ఇవాళ ఫోన్ పట్టుకుని అక్కడ నిలబడితే 80 డిగ్రీల 15 నిమిషాల దగ్గర చూపిస్తుంది. తేడా సుమారు 15 సెకన్లు. నేల మీద అది ఆరు కిలోమీటర్ల పైమాటే. ఆ అంకె ప్రకారం గుర్తు పెడితే అబ్జర్వేటరీ మెరీనా దాటి సముద్రంలోకి పోతుంది. వాళ్ల ఓపికకు, నైపుణ్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను. అప్పట్లో గ్రీనిచ్ సమయాన్ని ఇంత దూరం తెచ్చుకోవడమే అంత కష్టం. ఇప్పుడు అంతకంటే మంచి గడియారం కొన్ని వేల రూపాయలకే దొరుకుతోంది.

ఇక వాచీల సంగతి. సీకో 5 నాకు చాలా ఇష్టం. పెళ్లిళ్లకు ఇప్పటికీ అదే పెట్టుకుంటాను. కానీ లోపలున్న 7ఎస్26 యంత్రానికి కంపెనీ ఇచ్చిన హద్దే రోజుకు 20 సెకన్లు వెనక్కి, 40 సెకన్లు ముందుకి. పైగా రాత్రి బల్ల మీద ఏ వైపు పెట్టామన్న దాన్ని బట్టి దాని నడక మారుతుంది. టైమ్ తిప్పే పక్క మీట (క్రౌన్) బయటికి లాగినా సెకన్ల ముల్లు ఆగదు, కాబట్టి సెకనుకి సరిగ్గా పెట్టడం కుదరదు. ముల్లు ఉన్న వాచీలన్నిటితోనూ ఇంకో చిక్కుంది: నిమిషాల ముల్లు గీత మీద లేకుండా కొంచెం అటూ ఇటూ ఉంటే 23వ నిమిషమా 24వ నిమిషమా తేలదు. మసక వెలుతురులో, ఓడ ఊగుతుంటే, ఆ అనుమానం ఖరీదు 15 మైళ్లు. సైట్స్‌కి అంకెల వాచీయే మేలని నేననేది అందుకే.

సోలార్ జీ-షాక్ జపాన్‌లో రెండు, చైనా, అమెరికా, జర్మనీ, బ్రిటన్‌లలో ఒక్కొక్కటి, మొత్తం ఆరు స్టేషన్ల సిగ్నల్ పట్టి తనంతట తానే సరిదిద్దుకుంటుంది. జపాన్ స్టేషన్లకు సుమారు 1,000 కిలోమీటర్లు, చైనాకు 1,500, అమెరికాకు 3,000 వరకు అని మాన్యువల్ చెప్తుంది. చెన్నైకి ఏదీ అందదు. నడి హిందూ మహాసముద్రంలో అసలే అందదు. నాకు దాంతో ఇబ్బంది వేరే ఉంది. నిన్న రాత్రి సిగ్నల్ దొరికితే ఎర్రర్, అంటే అసలు టైమ్‌కీ వాచీకీ తేడా, సున్నా అవుతుంది, దొరకకపోతే పాతదే కొనసాగుతుంది. చివరిసారి ఎప్పుడు సరిదిద్దుకుందో చూపిస్తుంది, నిజమే. అయినా ఆ తేడా రాసుకునే నా ఎర్రర్ పుస్తకంలో లెక్క మధ్యలో తెగిపోతుంది. వాచీ సెట్టింగ్‌లో హోమ్ సిటీని ఢిల్లీకి మారిస్తే సిగ్నల్ వెతకడం మానేసి మామూలు క్వార్ట్జ్ అవుతుంది. దాన్ని అలా మార్చి, స్పేర్‌గా డ్రాయర్‌లో ఉంచుకున్నాను.

డీడబ్ల్యూ-5600ఈకి కంపెనీ చెప్పే హద్దు నెలకు 15 సెకన్లు అటూ ఇటూ. వినగానే చాలామంది పెదవి విరుస్తారు. ఏడాదికి ఒక్క సెకను తేడా మించని సిటిజన్ 0100 లాంటివి 2019 నుంచే ఉన్నాయి కదా అంటారు. గొప్ప పనితనమే. కానీ కదిలే డెక్ మీద మంచి చెయ్యి తీసిన సైట్‌లోనే మైలు, రెండు మైళ్ల తేడా మామూలు. పావు మైలు కోసం అంత ఖర్చు దండగ. మనకు కావలసింది తప్పని వాచీ కాదు, ఒకే తీరుగా తప్పే వాచీ. రోజూ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చే పాలవాడితో ఏ ఇంటికీ ఇబ్బంది లేదు, ఒకరోజు ముందు ఒకరోజు వెనక వచ్చేవాడితోనే ఇబ్బంది.

నా వాచీ రోజుకు పావు సెకను ముందుకు పోతుంది. దాన్ని 24 గంటల పద్ధతిలో యూటీసీకి, అంటే గ్రీనిచ్ టైమ్‌కి పెట్టి, మళ్లీ బటన్ ముట్టుకోను. ఐఎస్‌టీలో ఉంచి ఐదున్నర గంటలు తీసేయొచ్చు కదా అంటారు. ఆ అరగంట దగ్గరే నిద్రకళ్లతో ఉన్న మనిషి బోల్తా పడతాడు. చిన్న నోటు పుస్తకంలో తేదీ, వాచీ ఎంత ముందుంది, అంతే రాస్తాను. సోమవారం 6 సెకన్లు ముందుండి, ఎనిమిది రోజుల తర్వాత 8 సెకన్లు ముందుంటే, రేట్, అంటే వాచీ తప్పే వేగం, రోజుకు పావు సెకను. ఇంకో ఆరు రోజులు ఏ సిగ్నలూ దొరక్కపోయినా ఎర్రర్ తొమ్మిదిన్నర సెకన్లని ధైర్యంగా తీసేస్తాను. హోర్ముజ్ జలసంధి వైపు, ఎర్ర సముద్రంలో జీపీఎస్ జామింగ్ (సిగ్నల్‌ని కావాలని చెడగొట్టడం) మొదలయ్యాక ఈ పుస్తకం విలువ నాకు ఇంకా పెరిగింది.

దేనితో సరిచూస్తున్నామన్నది కూడా చూసుకోవాలి. ఇంటి దగ్గరైతే ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ టైమ్ సర్వర్‌ వాడతాను. ఓడ మీద షార్ట్‌వేవ్ రేడియోలో 5, 10, 15 మెగాహెర్ట్జ్ మీద వచ్చే టిక్కులు వింటాను. డిష్ టీవీలో వచ్చే టైమ్ నమ్మొద్దు, సిగ్నల్ ఉపగ్రహం దాకా వెళ్లి, డీకోడ్ అయ్యి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. జీపీఎస్ లోపలి టైమ్ యూటీసీ కంటే 18 సెకన్లు ముందుంటుంది. రిసీవర్ దాన్ని సరిదిద్ది చూపిస్తుంది, కానీ చాలాకాలం ఆపి ఉంచి ఆన్ చేస్తే ఆ సవరణ అందడానికి 12 నిమిషాల పైనే పట్టొచ్చు. ఆన్ చేయగానే వాచీ కలపకండి.

వేడి సంగతి ఎవరూ చెప్పరు. ఈ వాచీల్లోని క్వార్ట్జ్ ముక్క సుమారు 25 డిగ్రీల దగ్గర అన్నిటికంటే వేగంగా నడుస్తుంది, అటు చలైనా ఇటు వేడైనా నెమ్మదిస్తుంది. 35 డిగ్రీల దగ్గర రోజుకు పావు సెకను పైచిలుకు, 45 దగ్గర సెకను దాటి వెనకపడుతుంది. మే నెల ఎండలో బండి డాష్‌బోర్డు మీద వదిలేస్తే రేట్ చెడిపోతుంది. చేతికే ఉంచుకుంటే ఒంటి వేడి దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి రేట్ నిలకడగా ఉంటుంది. పెట్టుకోను అనుకుంటే ఎప్పుడూ డ్రాయర్‌లోనే ఉంచాలి. రోజుకో తీరు పనికిరాదు.

చేతికి ఎలా పెట్టుకోవాలో కూడా చెప్తాను. సెక్స్టెంట్ పిడి కుడిచేతిలో ఉంటుంది, ఎడమచెయ్యి కోణం సరిచేసే మైక్రోమీటర్ తిప్పుతుంది. వాచీ ఎడమ మణికట్టు లోపలివైపు పెట్టుకుంటే, సూర్యుడి అంచు హొరైజన్‌ని (సముద్రం, ఆకాశం కలిసే గీతని) తాకగానే చెయ్యి కదపకుండా కన్ను దించితే అంకెలు కనిపిస్తాయి. మా ఓడ మీద కాకినాడ నుంచి వచ్చిన క్యాడెట్ ఒకడు అడిగాడు: "సార్, ముందు గంటలు రాయాలా?" "కాదు నాన్నా, ముందు సెకన్లు. తర్వాత నిమిషాలు, గంటలు. కోణం చివర్లో చదువు, అదెక్కడికీ పోదు" అన్నాను.

5600లో సెకన్ల అంకెలు నిమిషాల కంటే చిన్నవి. చూపు తగ్గినవాళ్లు కొనేముందు షాపులో చేతికి పెట్టుకుని చూసుకోవాలి. నాదానిలో దీపం అద్దమంతా సమానంగా వెలుగుతుంది, కళ్లు చెదరవు. నక్షత్రాల సైట్స్ తీసే సంధ్యవేళ ఇది చాలా ముఖ్యం.

చెన్నైలో సాధన చేసేవాళ్లకు ఒక అదృష్టముంది. మన సముద్రం తూర్పునే ఉంది. పొద్దున సూర్యుడు 15 డిగ్రీలు పైకొచ్చాక తిరువాన్మియూరులో నిలబడితే, విషువత్తుల రోజుల్లో (పగలు, రాత్రి సమానమయ్యే మార్చి, సెప్టెంబరు రోజుల్లో) నాలుగు సెకన్లకు దాదాపు ఒక నిమిషం కోణం చొప్పున పైకి పోతుంటాడు. సైట్ లెక్క కడితే మ్యాప్ మీద ఒక గీత వస్తుంది, మనం దాని మీదే ఎక్కడో ఉన్నట్టు. తూర్పు దిక్కు సైట్ కాబట్టి ఆ గీత ఉత్తర దక్షిణాలుగా, అంటే అచ్చంగా రేఖాంశమే. నిలబడిన చోటు మనకు తెలిసిందే. గీత పక్కకు పడితే వాచీ సంగతో చెయ్యి సంగతో తేలిపోతుంది. ఇసుకలో నిలబడితే కంటి ఎత్తు రెండు మీటర్లు కూడా ఉండదు. డిప్ సవరణ (కంటి ఎత్తు వల్ల హొరైజన్ కిందికి కనిపించే తేడా) సుమారు రెండున్నర నిమిషాల కోణం, అది మర్చిపోవద్దు.

పట్టీ విషయం: ఏ కంపెనీదైనా రెసిన్ పట్టీ మన చెమటకీ ఉప్పుగాలికీ కొన్నేళ్లకు పగులుతుంది. సముద్రం నుంచి రాగానే మంచినీళ్లతో కడిగితే బటన్ల చుట్టూ ఉప్పు పేరుకోదు. బ్యాటరీ మాత్రం సైట్స్ అవసరమయ్యే ప్రయాణానికి ముందు మార్చకండి. చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర ఏ చిన్న షాపులోనైనా క్షణాల్లో మారుస్తారు. రబ్బరు గాస్కెట్‌కి గ్రీజు రాయమని అడగాలి, టైమ్ వాళ్లు పెట్టబోతే వద్దనాలి. ఇంటికొచ్చి యూటీసీకి పెట్టుకుని, పాత ఎర్రర్ కొట్టేసి, కనీసం రెండు వారాలు రోజూ సరిచూసి కొత్త రేట్ తేల్చుకున్నాకే మళ్లీ సైట్స్‌కి వాడాలి.