వెలుగు లేనిచోట కళ్లను మార్చుకున్న రొయ్య, వదులుకున్న గుహజీవి

రిమికారిస్ ఎక్సోక్యులేటా అనే రొయ్య అట్లాంటిక్ అడుగున, టీఏజీ అనే వేడి ఊటల క్షేత్రంలో దాదాపు 3,600 మీటర్ల లోతున, 350 డిగ్రీలు దాటిన వేడినీటి ఊటల పక్కన గుంపులుగా బతుకుతుంది. మామూలు రొయ్య కళ్లు దీనికి లేవు. బదులుగా వీపు మీద, పారదర్శకమైన పెంకు కింద, కటకం లేని పెద్ద నేత్రపటలం పరుచుకుని ఉంటుంది. అందులో వెలుగును పట్టే వర్ణకం రోడాప్సిన్ ఉందని 1989లో తేలింది. అంటే దృష్టి వర్ణకాన్ని తయారుచేసే జన్యువు ఇంకా పనిచేస్తోంది. మారింది కంటి నిర్మాణం. ఇందులో వస్తువుల ప్రతిబింబం ఏర్పడదు. ఊట విడిచే అతి మసక వెలుగును పసిగట్టడానికే ఈ అవయవమని పరిశోధకుల ఊహ.

1979లో బహమాస్‌లోని ఉప్పునీటి గుహల్లో దొరికిన, రొయ్యల్లాగే క్రస్టేషియన్ వర్గానికి చెందిన రెమిపీడ్‌లది మరో దారి. వాటికి కళ్లే లేవు, రంగూ లేదు. పట్టుకోవడానికి వెలుగే లేనిచోట కంటి జన్యువులు చెడినా జీవికి నష్టం ఉండదు కాబట్టి అలాంటి ఉత్పరివర్తనాలను ప్రకృతి వరణం ఏరివేయదు. మెదడులో వాసన భాగాలు మాత్రం బాగా పెద్దవి.

నా దృష్టిలో రొయ్యదే ఎక్కువ అబ్బురం. కన్ను పోవడం చాలా గుహజీవుల్లో కనిపిస్తుంది. పాత కన్నును వీపు మీద కొత్త పనికి మలచడం మాత్రం బహు అరుదు.